పాత ఇల్లు కొనాలా, కొత్తగా కట్టింది కొనాలా?

గడపదాకా
మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. చూసిన ఇళ్లన్నీ వడపోస్తే చివరికి రెండు మిగిలాయి. ఒకటి యాభై ఏళ్లు దాటిన ఇల్లు. మందపాటి ఇటుక గోడలు, ఎత్తైన కప్పు, చుట్టూ కాస్త ఖాళీ జాగా. రెండోది ఈమధ్యే కట్టడం పూర్తయింది, ఇంకా ఎవరూ దిగలేదు. రేటులో పెద్ద తేడా లేదు. మామగారు పాతదే తీసుకోమంటారు, "ఈ కాలం కట్టుబడికి నమ్మకమేముంది" అని ఒకటే మాట. మా ఆవిడ కొత్తదే అంటుంది, రిపేర్లు చేయించుకుంటూ కూర్చోవడం తన వల్ల కాదంటుంది. ఇద్దరి మాటా సబబుగానే ఉంది, అదే నా టెన్షన్. బయట ఎవరిని అడిగినా పాతవి గట్టివి అనో, పాతది కొంటే మునిగిపోతావనో తేల్చేస్తున్నారు గానీ ఎందుకో చెప్పడం లేదు. రెండు రకాల ఇళ్లలోనూ ఉన్నవాళ్లు, కట్టేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి.

ఎర్రిటుక
పాతదే. ఆలోచించాల్సిన పనే లేదు. ఆ రోజుల్లో 9 అంగుళాల గోడ అంటే కనీసం, కొన్ని ఇళ్లకు 14 అంగుళాలు కూడా ఉండేది. ఇప్పుడు లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలు, దాని మీద రెండు పూతలు పట్టీ కొట్టి రంగేసి చూపిస్తారు. గోడకు చెయ్యి ఆనిస్తేనే తెలిసిపోతుంది.

సెంట్రింగ్‌చెక్క
ఎర్రిటుక గారూ, గోడ మందాన్ని బట్టి ఇల్లు గట్టిదా కాదా అని చెప్పలేం. పాత ఇంట్లో బరువంతా మోసేది గోడే. కప్పు బరువు గోడ మీదికి, గోడ నుంచి పునాదికి పోతుంది, అందుకే అంత మందం. ఇప్పటి ఇంట్లో బరువు మోసేది పిల్లర్లూ బీములూ. మధ్యలో గోడ అడ్డుతెర లాంటిది, అది సన్నగా ఉన్నంత మాత్రాన ఇల్లు బలహీనం కాదు. రెండూ వేర్వేరు పద్ధతులు.

దీంతో రోజువారీ తేడా కూడా వస్తుంది. పాత ఇంట్లో రెండు గదులు కలిపి హాలు చేద్దామని గోడ కొట్టేస్తే కప్పుకు ఆసరా పోతుంది. కొత్త ఇంట్లో గోడ జరుపుకోవచ్చు గానీ పైపు కోసమో కేబుల్ కోసమో పిల్లర్‌నీ బీమునీ చెక్కకూడదు. ఏ ఇల్లు కొన్నా ఈ సంగతి ముందు తెలుసుకోండి.

ఇంకొకటి. "పాతవి ఎంత గట్టివో చూడండి" అనేవాళ్లు ఇవాళ నిలబడి ఉన్న ఇళ్లనే చూపిస్తారు. అదే కాలంలో నాసిగా కట్టినవి ఎప్పుడో కూలిపోయాయి, లేదా కూల్చి మళ్లీ కట్టేశారు. అవి మన కంటికి కనబడవు. కొత్తవాటిలో మాత్రం మంచివీ చెత్తవీ కలిసి మన ముందే ఉన్నాయి. పాతవాటిలో మిగిలిన మంచివాటిని, కొత్తవాటి మొత్తంతో పోల్చడం న్యాయం కాదు.

ఎర్రిటుక
మరి రోమ్‌లో పాంథియన్ సంగతేంటి? దాదాపు 1900 ఏళ్లయింది, 43 మీటర్ల గుమ్మటం, ఇప్పటికీ లోపలికి జనం వెళ్లొస్తున్నారు. మన స్లాబులేమో నలభై ఏళ్లకే పెచ్చులూడుతున్నాయి.

సెంట్రింగ్‌చెక్క
మంచి ఉదాహరణ తెచ్చారు. ఆ గుమ్మటంలో ఇనుము లేదు, అందుకే దానికి తుప్పు గొడవ లేదు. మన స్లాబుకు ప్రాణం లోపలి ఇనుమే, దాని రోగం కూడా అదే. కొత్త కాంక్రీటుకు క్షార గుణం ఎక్కువ, పీహెచ్ 12 పైన ఉంటుంది. అంతకాలం ఇనుముకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మెల్లగా లోపలికి దిగుతూ ఆ గుణాన్ని తగ్గిస్తుంది. అది ఊచ దాకా చేరి, పైనుంచి తేమ కూడా తోడైతే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది కాబట్టి చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచి నెట్టేస్తుంది. మీరు చెప్పిన పెచ్చులు అవే.

ఊచ కింద తగినంత కవర్, అంటే ఊచకూ స్లాబు అడుగుకూ మధ్య కాంక్రీటు మందం, వదిలి, కాంక్రీటు గట్టిగా కుదించి, నీళ్లు సరిగ్గా కొట్టి ఉంటే ఆ రోజు చాలా దూరం పోతుంది. కవర్ బ్లాకులు పెట్టకుండా ఊచల్ని చెక్క మీదే పరిచి పోసేస్తే తొందరగా వస్తుంది. 1975లో పోసిన స్లాబైనా నిన్న పోసినదైనా లెక్క ఇదే.

గడపదాకా గారూ, ఆ పాత ఇంటికి కప్పు ఏమిటి? దూలాలూ వాసాలా, స్లాబా?

వానచుక్క
ఇంత చదివాక నేను మా స్లాబు వైపు తల ఎత్తి చూస్తూ కూర్చున్నాను 😄

తులసికోట
పాత ఇంట్లో పుట్టి పెరిగి, ఇప్పుడూ అందులోనే ఉంటున్నాం. తాతల నాటి సున్నం గోడల ఇల్లు. అందరూ చేసే పొరపాటు ఒకటి చెప్తాను, కొనేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదిలేస్తుంది. నేలలోంచి కొంచెం చెమ్మ ఎక్కినా ఎండకు ఆరిపోతుంది. మా ఇంటికి ఎప్పుడో ఒక మేస్త్రీ వచ్చి, కింద కొంచెం రాలుతోందని మూడడుగుల ఎత్తు దాకా సిమెంటు పూత పూశాడు. పైగా ఆయిల్ పెయింటు కూడా వేశాడు. అంతే, లోపలి చెమ్మకు బయటికి దారి మూసుకుపోయింది. సరిగ్గా ఆ సిమెంటు ఎక్కడ ఆగిందో దాని పైనుంచి తెల్లటి ఉప్పు పూయడం మొదలైంది. వేలితో రుద్దితే పొడి పొడిగా రాలేది, దాని వెనక ఇటుక మెత్తబడి గోరుతో గీస్తే ఊడి వచ్చేది. సిమెంటంతా చెక్కించి, గోడను ఆరనిచ్చి, మళ్లీ సున్నమే పూయించాకే కుదుటపడింది. ఇంటి తప్పేం లేదు, దానికి పడని మందు వేశారు.

అందుకే పాత ఇంటిని చూడ్డానికి వెళ్లినప్పుడు కింది భాగంలో కొత్త పూత, కొత్త రంగు, టైల్స్ లాంటివి ఉంటే సంతోషపడకండి, ఎందుకు వేశారో అడగండి.

మూడో_అంతస్తు
>> కింది భాగంలో కొత్త పూత ఉంటే ఎందుకు వేశారో అడగండి

ఇది కొత్త ఇళ్లకూ వర్తిస్తుంది తులసికోట గారూ. అమ్మే ముందు పగుళ్లన్నీ పట్టీతో మూసి రంగేస్తారు. మాది కొత్త కట్టడం. దిగిన మొదటి ఎండాకాలానికే బీముకూ గోడకూ మధ్య గీత గీసినట్టు పగులు వచ్చింది, ప్రతి గదిలోనూ. అడిగితే "అది మామూలే సార్" అన్నారు. మామూలేనా?

సెంట్రింగ్‌చెక్క
కొంతవరకు మామూలే. బీము కాంక్రీటు, గోడ తేలికపాటి బ్లాకులు. రెండూ ఒకేలా కుంచించుకోవు, వ్యాకోచించవు. ఆ అతుకు మీద పూతకు ముందు జాలీ కొట్టి ఉంటే చాలావరకు రాకుండా ఆపొచ్చు. ఆ పని మిగుల్చుకున్నారు. ప్రమాదం లేదు, చూడ్డానికి చిరాకు.

భయపడాల్సిన పగుళ్లు వేరే ఉంటాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయేవి, ఒక చివర సన్నగా మొదలై మరో చివర వెడల్పయ్యేవి, తలుపు పట్టేస్తుండగా దాని పక్కన వచ్చేవి. అనుమానం ఉంటే పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో అడ్డగీత పెట్టి పక్కన తేదీ రాయండి. నెలల తర్వాత పగులు గీత దాటిందంటే ఇల్లు ఇంకా కదులుతోందని అర్థం. పాత ఇంట్లో ఇదో సుఖం, కూరుకోవాల్సిందంతా ఎప్పుడో కూరుకుని నిలదొక్కుకుని ఉంటుంది. కొత్త ఇంటి పునాది ఇంకా సర్దుకుంటూ ఉంటుంది. మొదటి కొన్నేళ్లు గడిస్తే గానీ అసలు సంగతి బయటపడదు.

మూడో_అంతస్తు
థాంక్స్, ఇవాళే పెన్సిల్ పట్టుకుంటా. ఇంకో బాధ కూడా ఉంది, చప్పుడు. పక్కింట్లో కుర్చీ జరిపితే మా హాల్లో వినబడుతుంది. వాళ్ల అలారానికి మేం లేస్తున్నాం.

వానచుక్క
అలారం ఖర్చు మిగిలింది కదా, అదీ సౌకర్యాల లిస్టులో రాసుకోండి 😄

ఎర్రిటుక
చూశారా. అందుకే అన్నాను మందం కావాలని. బలం సంగతి సెంట్రింగ్‌చెక్క గారికే వదిలేస్తా, చప్పుడు సంగతి మాత్రం నాదే కరెక్టు.

సెంట్రింగ్‌చెక్క
అందులో మీదే కరెక్టు. గాలిలో వచ్చే చప్పుడును ఆపేది బరువు. ఇటుక ఘనమీటరుకు సుమారు 1800 కిలోలు తూగితే ఆ తేలికపాటి బ్లాకు 600 చుట్టూ ఉంటుంది. అదే బ్లాకు వేడిని మాత్రం ఇటుక కంటే బాగా ఆపుతుంది, దానిలో గాలి బుడగలు ఉంటాయి కాబట్టి. ఒకటి కావాలంటే ఇంకొకటి వదులుకోవాలి. కుర్చీ జరిపిన చప్పుడు మాత్రం వేరే రకం, అది నేలా స్లాబూ పట్టుకుని వస్తుంది, గోడ మందం దాన్ని ఆపలేదు. వాళ్ల కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు వేయమని అడిగి చూడండి.

రాగితీగ
ఎలక్ట్రీషియన్‌ని. గోడలూ కప్పుల గురించి మాట్లాడుతున్నారు గానీ పాత ఇళ్లలో నన్ను భయపెట్టేది వైరింగు. యాభై ఏళ్ల ఇంట్లో రబ్బరు తొడుగు వైర్లు, దాని మీద గుడ్డ చుట్టినవి ఇప్పటికీ చూస్తున్నాను. స్విచ్‌బోర్డు విప్పి వైరును కొంచెం వంచగానే తొడుగు పెళుసుగా విరిగి చేతిలోకి వస్తుంది, లోపల రాగి బయటపడుతుంది. చాలా ఇళ్లలో ఎర్తింగు అసలు లేదు. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, మూడో కన్నం వెనక వైరే ఉండదు! గీజరూ ఏసీ లేని కాలంలో ఒక బల్బూ ఒక ఫ్యానూ లెక్కేసి వేసిన వైర్లు అవి. ఇప్పటి లోడుకు వేడెక్కిపోతాయి.

పాతది కొంటే గదిలో సామాను దింపక ముందే వైరింగు మొత్తం మార్పించండి, ఎర్తు పిట్ కొత్తది తవ్వించండి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. కరెంటు మనిషి గుండా భూమిలోకి లీకైతే రెప్పపాటులో కట్ చేసేది అదే. ఎమ్‌సీబీ ఆ పని చేయదు, అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ఈ ఖర్చు లెక్కలో వేసుకోకుండా పాతది చవకని అనుకోవద్దు.

తులసికోట
రాగితీగ గారు చెప్పింది అక్షరాలా నిజం. దీనికి నీళ్ల పైపులు కూడా కలపండి. పాత జీఐ పైపు (జింకు పూత పూసిన ఇనుప పైపు) లోపల తుప్పు పేరుకుని చిటికెన వేలు కూడా దూరనంత సందు మిగులుతుంది. పొద్దున్నే కుళాయి తిప్పగానే మొదట ఎర్రటి నీళ్లు వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

బంతిపూలు
చిన్నపిల్లలు ఉంటే ఇంకో జాగ్రత్త. పాత ఇళ్ల తలుపులు, కిటికీల మీద ఒకదాని మీద ఒకటి పొరలుగా రంగు ఉంటుంది, అడుగు పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. అమెరికా ఇళ్ల రంగుల్లో దాన్ని 1978లోనే నిషేధించింది, చాలా దేశాలు ఆ తర్వాత ఎప్పటికో మేల్కొన్నాయి. అది గోడకు ఉన్నంతసేపు కంటే గీకేటప్పుడే ప్రమాదం. పొడిగా గరుకు కాగితంతో రుద్దితే ఆ దుమ్ము నేల మీద, ఆటబొమ్మల మీద పడుతుంది, పాకే పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. తడిపి గీకించండి, ఆ కొన్నాళ్లు పిల్లల్ని అక్కడ ఉంచకండి. షెడ్డుకో వరండాకో పాత సిమెంటు రేకులు ఉంటే వాటిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. వాటికి డ్రిల్లు పెట్టొద్దు, విరగ్గొట్టొద్దు.

ఎర్రిటుక
కొత్త ఇళ్లలో మాత్రం అంతా పూల గాలేనా? ప్లైవుడ్ కప్‌బోర్డుల జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. తలుపు తీయగానే కళ్లు మండేది దానివల్లే.

బంతిపూలు
కాదని నేను అనలేదండి. అది కూడా నిజమే. కొత్త ఇంట్లో మొదటి నెలల్లోనే అది ఎక్కువ, కిటికీలు తెరిచి ఉంచితే తగ్గుతూ పోతుంది. పైగా కొత్త ఇంటి కాంక్రీటులో, పూతలో కట్టేటప్పటి నీళ్లు ఇంకా ఉంటాయి, అవి ఆరకముందే ఏసీ వేసుకుని అన్నీ బిగించి పడుకుంటే బీరువా వెనక బూజు పడుతుంది. నేను చెప్పేది ఏ ఇంటి దోషం దానికి ఉందని, పిల్లల దగ్గర రెండూ చూసుకోవాలని.

వానచుక్క
కొత్త ఒక వింత, పాత ఒక రోత అని విన్నాను గానీ ఇక్కడ రెండూ రోతే అయ్యేలా ఉన్నాయి. ఆయన చివరికి టెంటు వేసుకుంటాడేమో.

గడపదాకా
లేదండీ, చాలా ఉపయోగపడుతోంది, రాయండి. సెంట్రింగ్‌చెక్క గారూ, పాత ఇంటికి స్లాబే. గోడల మీద ఆనించి పోశారు, పిల్లర్లు లేవు. బాత్రూమ్ పైన స్లాబు కింద ఒకచోట పెచ్చు ఊడి ఊచ కనబడుతోంది, మిగతా గదుల్లో శుభ్రంగా ఉంది. డాబా మీద పిట్టగోడ మొదట్లో నల్లటి మరక ఉంది. కొత్త ఇంట్లో పైకి ఏమీ కనబడలేదు, అంతా తళతళలాడుతోంది. టైల్స్ మీద నాణెంతో కొట్టుకుంటూ వెళ్లాను, చాలా చోట్ల డొల్ల చప్పుడు వచ్చింది.

సెంట్రింగ్‌చెక్క
డొల్ల చప్పుడంటే కింద మాల్ సరిగ్గా పరచలేదు. బరువైనది పడితే పగులుతాయి. కానీ కనబడే చోటే తొందరపడ్డవాళ్లు కనబడని చోట తీరిగ్గా చేశారా అనేది నా ప్రశ్న. కాంక్రీటు బలాన్ని 28 రోజుల లెక్కన చూస్తారు, కనీసం మొదటి 7 రోజులు తడి ఆరనివ్వకూడదు, ఎండలు మండేటప్పుడు 10. ఈ పని జరిగిందో లేదో ఇల్లు పూర్తయ్యాక కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అమ్మేవాళ్ల దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు, క్యూబ్ టెస్టు (కాంక్రీటు దిమ్మెలను నొక్కి బలం చూసే పరీక్ష) రిపోర్టులు అడగండి. ఇస్తే సంతోషం. నసిగితే అదీ ఒక జవాబే.

పాత ఇంటి స్లాబుకు చవకైన పరీక్ష ఉంది. పెచ్చు ఊడిన చోట అప్పుడే కొత్తగా కొంచెం చెక్కి, దుమ్ము దులిపి, ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. స్కూల్లో కెమిస్ట్రీ ల్యాబులో వాడిందే. కాంక్రీటు ముదురు గులాబీ రంగుకు తిరిగితే అక్కడ క్షార గుణం ఇంకా ఉంది. రంగు రాకపోతే పోయింది. ఊచ చుట్టూ గులాబీ ఉందా, ఊచను దాటి ఎంత లోతున మొదలవుతోంది అన్నది చూడాలి. బాగున్నట్టు కనిపించే గదిలో కూడా ఒకచోట చేయించండి, బాత్రూమ్‌ది నీళ్ల వల్ల వచ్చిన ఒకచోటి రోగమా, ఇల్లంతా ఉందా అన్నది అక్కడ తేలుతుంది.

మేడమెట్టు
భూకంపం గురించి ఎవరూ ఎత్తలేదు. పిల్లర్లు లేని ఇటుక ఇల్లు, గోడల్లో అడ్డంగా కాంక్రీటు బ్యాండ్లు కూడా లేకపోతే, నేల ఊగినప్పుడు గోడలు ఒకదాన్నొకటి వదిలేసి పక్కకు పడిపోతాయి. దాని మీద ఆ స్లాబు బరువు. ఈ విషయంలో సరిగ్గా కట్టిన కొత్త ఇల్లే నయం, ఇందులో నాకు రెండో మాట లేదు.

సెంట్రింగ్‌చెక్క
ఒప్పుకుంటాను. "సరిగ్గా కట్టిన" అన్న మాట కింద గీత గీయండి. కింద పార్కింగు కోసం గోడలు లేకుండా పిల్లర్ల మీద నిలబెట్టి పైన అంతస్తులన్నీ గోడలతో నింపిన కొత్త కట్టడాలు కూడా అదే ఊపుకు కింది అంతస్తు దగ్గర విరుగుతాయి. పిల్లర్‌లో రింగులు దగ్గర దగ్గరగా వేసి, వాటి కొనలు లోపలికి వంచి కట్టాలి. డ్రాయింగులు చూడమన్నది అందుకే కూడా.

పెద్దబాలశిక్ష
నా వయసువాడి మాట ఒకటి. మామగారు మీతోనే ఉంటారా? పాత ఇళ్లలో గడపలు ఎత్తు, బాత్రూమ్ వెనక ఎక్కడో, రెండు మెట్లు దిగాలి, పైగా నున్నటి గచ్చు. ఇల్లు నూరేళ్లు నిలుస్తుందా అని అందరూ చర్చిస్తున్నారు, రాత్రిపూట లేచిన మనిషి పడకుండా బాత్రూమ్‌కు వెళ్లగలడా అన్నది నాకు ముందు కనబడుతుంది. మాది అలాంటి ఇల్లే. గడప తీయించి, గది పక్కనే బాత్రూమ్ కట్టించుకున్నాం. ఇంటిని మాకు తగ్గట్టు మార్చుకోవడానికి చోటుంది కాబట్టి సాధ్యమైంది. చుట్టూ జాగా ఉందన్నావు కదా బాబూ, అది ఊరికే పోయేది కాదు.

ఎర్రిటుక
పెద్దాయన అసలు మాట చెప్పారు. కొత్త ఇంట్లో ఒక కిటికీ పెట్టాలన్నా చోటుండదు.

మూడో_అంతస్తు
అయినా కొత్తదాన్ని మరీ తీసిపారేయకండి. ఇన్ని తిట్టాను గానీ ఒక్క బాత్రూమ్ కూడా కారలేదు, కరెంటుతో భయం లేదు, లిఫ్టు ఉంది, మా అమ్మ ఎవరి సాయం లేకుండా కిందికి వెళ్లొస్తోంది. పొద్దున లేచి ఇవాళ ఏం రిపేరో అనుకోకుండా ఆఫీసుకు పోతున్నాను. గడపదాకా గారి ఆవిడ అడుగుతున్నది అదే కదా, అది చిన్న విషయమేం కాదు.

తులసికోట
అవును, ఆ మాట ఆవిడ వైపు నుంచి చూడండి. పాత ఇంట్లో పనివాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లతో ఇంట్లో ఉండి వేగేది ఎవరో ముందే మాట్లాడుకోండి. మా ఇంట్లో అది అంతా నా నెత్తినే పడింది. ఇల్లంటే నాకు ప్రాణం కాబట్టి చేశాను. ఇష్టం లేని మనిషి మీద ఆ బరువు పెట్టకూడదు.

గడపదాకా
ఈ మాట ఇంట్లో చదివి వినిపించాను. రిపేర్ల పని మొత్తం నేనూ మామగారూ చూసుకుంటామంటే, వైరింగు, పైపులు, బాత్రూమ్ అన్నీ దిగకముందే పూర్తవుతాయంటే పాతదానికి సరేనంది, స్లాబు పరీక్ష బాగా వస్తేనే. రాకపోతే రెండూ వదిలేసి మళ్లీ వెతుకుతాం. కొత్త ఇంటివాళ్లను డ్రాయింగులు అడిగాను, "అవన్నీ మీకెందుకు సార్, మోడ్యులర్ కిచెన్ ఫ్రీగా వేయిస్తాం" అన్నారు. ఇంజనీరు ఆదివారం వస్తున్నాడు.

రాగితీగ
ఆదివారం మెయిన్ బోర్డు కూడా విప్పించి ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను. మెయిన్ ఆపాకే విప్పమనండి.

సెంట్రింగ్‌చెక్క
డాబా మీది నల్ల మరక దగ్గర కూడా గులాబీ పరీక్ష చేయించండి. వాన నీళ్లు పోయే పైపు మూతి పూడుకుపోయిందేమో చూడండి, సగం లీకులు అక్కడే పుడతాయి. ట్యాంకు ఏ గోడ మీద కూర్చుందో కూడా రాసుకుని రండి.

వానచుక్క
ఫినాఫ్తలీన్ ఎక్కడ దొరుకుతుంది? నాది కూడా చూసుకోవాలి. ఈసారి జోక్ కాదు.

సెంట్రింగ్‌చెక్క
ల్యాబ్ కెమికల్స్ అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతుంది. 1 శాతం ద్రావణం అడగండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చల్లండి.